సందేహాలు – సమాధానాలు: లినక్స్‌కు మోడెమ్ కనబడకపోతే

ఈ నెల అందిన ఉత్తరాలలో అయిదింటిని ఎంచుకున్నాము. అయిదూ చెన్నై పాఠకులవే. లినక్స్ వేసిన కంప్యూటర్ నుంచి ఫోను లైను మీద ఇంటర్నెట్‌కు వెళ్ళడమెలా అన్నదే అన్నిటిలోని విషయం. సమాధానాలకు ముందు ఒక మనవి: ఇక్కడ ఆదేశాలను కూడా తెలుగు లిపిలోనే అచ్చు వేస్తున్నాము కనుక, వాటిని కీబోర్డు మీద ఇంగ్లీషులో కొట్టుకోవాలి. లినక్స్‌కు పెద్ద అక్షరం వేరు, చిన్న అక్షరం వేరు; మేము ప్రత్యేకంగా చెప్పని చోట అన్నీ చిన్నవేనని అనుకోండి.

ప్రశ్న: నేను రైలు పెట్టెల కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. మా అబ్బాయి విదేశం వెళ్తూ, వైరస్‌ల బెడద ఉండదని చెప్పి, ఇంట్లోని కంప్యూటర్‌లో విండోస్ పక్కనే రెడ్ హ్యాట్ లినక్స్ 9 కూడా వేసి వెళ్ళాడు. లోపల బిగించిన 56కే మోడెమ్ కంప్యూటర్ సామాను అమ్మే రిచీ వీధిలో కొన్నది. విండోస్‌లో ఫోను చక్కగా కలుస్తోంది. లినక్స్‌లో ఫోను కలిపే కేపీపీపీ అనే ప్రోగ్రామ్ తెరిచి ప్రయత్నిస్తే మోడెమ్ జవాబివ్వడం లేదని వస్తోంది. మోడెమ్ బాగానే ఉంది, లినక్సే పనికిరాదని దుకాణంవారు అంటున్నారు. లినక్స్ బాగానే ఉంది, మోడెమే పనికిరాదని మా అబ్బాయి అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
— విశ్రాంత ఉద్యోగి, పెరంబూరు

జవాబు: మీ అబ్బాయి మాటే వినండి. అయితే దుకాణంవారు అబద్ధం చెప్పారని కూడా అనలేము, ఎందుకంటే వారు అమ్మినది విండోస్ కోసం తయారైన మోడెమే.

మోడెమ్ చేయవలసిన పనులు రెండు రకాలు. కంప్యూటర్ ఇచ్చే ఒకట్లనూ సున్నాలనూ ఫోను తీగ మోయగలిగిన ధ్వనులుగా మార్చడం, అవతలి నుంచి వచ్చే ధ్వనులను తిరిగి అంకెలుగా మార్చడం మొదటి రకం. కంప్యూటర్ నుంచి వచ్చే ఆజ్ఞలను అర్థం చేసుకుని నంబరు తిప్పడం, దారిలో చెడిపోయిన సమాచారాన్ని మళ్ళీ అడిగి తెప్పించుకోవడం, సమాచారాన్ని కుదించి పంపడం రెండో రకం. పాత పద్ధతి మోడెమ్‌లో ఈ రెండింటికీ వేరువేరు చిప్పులు ఉండేవి. ఖర్చు తగ్గించుకోవడానికి తయారీదారులు ఆ చిప్పులలో ఒకదాన్నో రెండింటినీనో తీసేసి, ఆ పనిని కంప్యూటర్ ప్రాసెసర్ నెత్తిన పెట్టి, దాని చేత ఆ పని చేయించే డ్రైవర్‌ను విండోస్‌కు మాత్రమే రాసి ఇచ్చారు. విన్‌మోడెమ్ అని పేరు పడ్డది ఇదే. సన్నాయి కొని తెచ్చుకున్నాక ఊదేవాడు వేరే ఊళ్ళో ఉన్నాడని తెలిస్తే ఎలా ఉంటుందో, లినక్స్‌లో దీని పరిస్థితి అలా ఉంటుంది. పెట్టె మీద రెండింటికీ 56కే (సెకనుకు 56 కిలోబిట్ల వేగం) అనే రాసి ఉంటుంది. ఇంత వేగం గల పెంటియం ప్రాసెసర్ తప్పనిసరి అని పెట్టె మీద షరతు కనిపిస్తే మాత్రం అది విన్‌మోడెమ్ అని దాదాపు తేలిపోయినట్టే, ఎందుకంటే తన పని తాను చేసుకునే మోడెమ్‌కు మీ ప్రాసెసర్ వేగంతో పని లేదు.

మీది ఏ రకమో తేల్చుకోవడానికి అన్ని అధికారాలూ ఉన్న రూట్ అనే పేరుతో లాగిన్ అయి, ఆదేశాలు కొట్టే టెర్మినల్ కిటికీలో ఎల్ఎస్‌పీసీఐ అని కొట్టండి. కంప్యూటర్‌లో బిగించి ఉన్న కార్డుల జాబితా వస్తుంది. మోడెమ్ ఉన్న వరుసలో సీరియల్ కంట్రోలర్ అని ఉంటే అది అసలైన మోడెమ్ కావచ్చు. కమ్యూనికేషన్ కంట్రోలర్ అని ఉంటే సాధారణంగా విన్‌మోడెమ్. ఆ వరుసలోనే చిప్పు తయారీదారు పేరు కూడా ఉంటుంది. మోడెమ్ పెట్టె మీది పేరుకంటే ఈ పేరే ముఖ్యం, ఎందుకంటే పది కంపెనీల పేర్లతో అమ్ముడయ్యే కార్డులలో ఒకే చిప్పు ఉండవచ్చు.

చిప్పు లూసెంట్ లేదా ఎగీర్ కంపెనీదైతే ఎల్‌టీమోడెమ్ అనే డ్రైవర్ ఉంది. స్మార్ట్ లింక్ వారిదైతే ఎస్ఎల్‌మోడెమ్ ఉంది. దీనిలో ఎస్ఎల్‌మోడెమ్‌డీ అనే ప్రోగ్రామ్ వెనుక నడుస్తూ మోడెమ్ పని చేస్తుంది. కోనెక్సాంట్ వారి హెచ్ఎస్ఎఫ్ చిప్పులకు లినక్సాంట్ అనే సంస్థ డ్రైవర్ ఇచ్చేది కాని, డబ్బు కట్టకుండా తీసుకుంటే వేగం 14.4 కిలోబిట్ల దగ్గర ఆగిపోయేది. ఉత్తరాలు చదువుకోవడానికి అది చాలు, బొమ్మలున్న పేజీలకు చాలదు. ఈ డ్రైవర్‌లన్నిటికీ ఒక తిరకాసు ఉంది: అవి మీ కెర్నల్ (లినక్స్‌కు గుండెకాయ వంటి ప్రోగ్రామ్) వెర్షన్‌కు సరిగ్గా సరిపోవాలి. యూనేమ్ హైఫన్ ఆర్ అని కొడితే ఆ వెర్షన్ తెలుస్తుంది. సరిపోయే డ్రైవర్ తయారుగా దొరకకపోతే, కెర్నల్ సోర్స్ ప్యాకేజీని సీడీ నుంచి వేసుకుని డ్రైవర్‌ను మీరే కంపైల్ చేసుకోవాలి, అంటే దాని మూల పాఠం నుంచి తయారు చేసుకోవాలి. రేపు కెర్నల్ మారిస్తే ఈ పనంతా మళ్ళీ చేయాలి.

డ్రైవర్ దించుకోవడానికి ఇంటర్నెట్ కావాలి, ఇంటర్నెట్‌కు డ్రైవర్ కావాలి అన్న చిక్కు మీకు లేదు. విండోస్‌లోంచి దించి, ఆ ఫైలును విండోస్ భాగంలోంచి లినక్స్‌లోకి తెచ్చుకోవచ్చు.

ఇంత చెప్పినా నా అభిప్రాయం వేరు. మీకు కంపైల్ చేసే ఉత్సాహం లేకపోతే, అదే రిచీ వీధికి మరొక్కసారి వెళ్ళి, కంప్యూటర్ వెనుక ఉన్న తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టుకు తగిలించే బయటి మోడెమ్ కొనండి. లోపలి కార్డుకంటే ఖరీదు ఎక్కువే, అయితే విడిగా కరెంటు తీసుకుని తన పని తానే చేసుకునే ఆ మోడెమ్‌కు లినక్స్‌లో ప్రత్యేకమైన డ్రైవర్ ఏదీ అక్కర లేదు. ముందు భాగంలో వెలిగే దీపాలు కూడా చిన్న విషయం కాదు. ఎక్కడ ఆగిందో అవే చెబుతాయి. సెకండ్ హ్యాండ్‌లో దొరికే పాత ఐసా (ఐఎస్ఏ) పద్ధతి కార్డులలో జంపర్లు, అంటే చేతితో మార్చే చిన్న పిన్ను తొడుగులు, ఉన్నవి కూడా చాలావరకు అసలైన మోడెమ్‌లే. మీ మదర్‌బోర్డు మీద ఐసా స్లాట్ ఉంటే అదీ చవకైన దారే.

బయటి మోడెమ్ తెచ్చాక ఇలా చేయండి. విండోస్ కామ్1 అని పిలిచే పోర్టును లినక్స్ టీటీవైఎస్0 అంటుంది. కామ్2ను టీటీవైఎస్1 అంటుంది. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది, ఎస్ పెద్ద అక్షరం. ఈ ఫైళ్ళు డెవ్ అనే డైరెక్టరీలో ఉంటాయి. ముందుగా మినీకామ్ అనే ప్రోగ్రామ్‌ను హైఫన్ ఎస్ తగిలించి నడిపి, పోర్టు పేరు సరిచేసి, వేగం 115200 అని, హార్డ్‌వేర్ ఫ్లో కంట్రోల్ ఉన్నట్టు పెట్టి, ఏటీ అని కొట్టి ఎంటర్ నొక్కండి. ఓకే అని జవాబు వస్తే కంప్యూటర్, తీగ, మోడెమ్ మూడూ బాగున్నాయని అర్థం. ఈ ఏటీ అన్నది ‘అటెన్షన్’ అన్న మాటకు పొట్టిరూపం. హేస్ కంపెనీ 1981లో తెచ్చిన స్మార్ట్‌మోడెమ్ నుంచి వచ్చిన వాడుక, ఫోను లైను మోడెమ్‌లన్నీ పలికే భాష. జవాబు రాకపోతే పక్క పోర్టు పేరు ఇచ్చి చూడండి. సీరియల్ మౌస్ ఉన్నవారు మౌస్‌ను ఒక పోర్టులోనూ మోడెమ్‌ను రెండో పోర్టులోనూ పెట్టాలి. లోపలి ఐసా కార్డును కామ్3గా పెడితే అది కామ్1తో ఒకే ఇంటరప్ట్ (ప్రాసెసర్‌ను పిలిచే సంకేతం) అంకెను, అంటే 4ను, పంచుకుంటుంది. కామ్2, కామ్4 రెండూ 3ను పంచుకుంటాయి. మౌస్ కదిపినప్పుడల్లా మోడెమ్ ఆగిపోతోందని ఫిర్యాదు చేసేవారి అసలు సమస్య ఇదే.

ఓకే వచ్చాక మినీకామ్‌ను మూసి, రూట్‌గానే డబ్ల్యూవీడయల్‌కాన్ఫ్ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఈటీసీ డైరెక్టరీలో డబ్ల్యూవీడయల్ డాట్ కాన్ఫ్ అనే ఫైలు పూర్తి పేరు ఇవ్వండి. అది పోర్టులన్నిటినీ తట్టి చూసి, మోడెమ్ ఎక్కడుందో కనుక్కుని, ఆ ఫైలును తానే రాస్తుంది. ఆ ఫైలును తెరిస్తే ఫోను నంబరు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్ అన్న మూడు వరుసలు ఉంటాయి. వాటి మొదట సెమికోలన్ ఉంటుంది. మీ వివరాలు నింపడం అందరూ చేస్తారు, ఆ సెమికోలన్‌ను తీసేయడం చాలామంది మరిచిపోతారు. అది ఉన్నంతకాలం ఆ వరుసను ప్రోగ్రామ్ పట్టించుకోదు. తరవాత డబ్ల్యూవీడయల్ అని కొడితే చాలు, అది ఫోను కలుపుతుంది.

అవతలి మోడెమ్ ఎత్తాక తెర మీద మీసాల బ్రాకెట్లు, ఆశ్చర్యార్థకాలు కలిసిన పిచ్చి గీతలు వస్తే కంగారు పడకండి. అది అవతలి కంప్యూటర్ పీపీపీ భాషలో, అంటే ఫోను లైను మీద ఇంటర్నెట్ నడిపే పద్ధతిలో, మాట్లాడటం మొదలుపెట్టిన గుర్తు; ఇటువైపు ఆ భాష మాట్లాడే ప్రోగ్రామ్ పేరు పీపీపీడీ. అలాకాక ప్రాంప్ట్ కోసం వేచి చూస్తున్నానంటూ ఆగిపోతే, అదే ఫైలులో స్టుపిడ్ మోడ్ సమానం యెస్ (వై, ఈ, ఎస్ మూడక్షరాలూ) అని ఒక వరుస చేర్చండి. పేరు చూసి నొచ్చుకోవద్దు. అవతల నుంచి ఏ పలకరింపూ కోసం ఎదురు చూడకుండా, ఫోను కలవగానే పీపీపీ మొదలుపెట్టమని దాని అర్థం. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశంలో ఇంటర్నెట్ సేవ మొదలుపెట్టినప్పుడు అక్షరాలు మాత్రమే కనిపించే షెల్ ఖాతాలు ఉండేవి, వాటిలో లాగిన్ అని అడిగితే పేరు టైపు చేయవలసి వచ్చేది. పాత లినక్స్ పుస్తకాలలో కనిపించే పొడవాటి చాట్ స్క్రిప్టులు అటువంటి పలకరింపులకు జవాబు చెప్పడానికి రాసినవి. పేరూ పాస్‌వర్డూ పీపీపీలోనే పాప్ (పీఏపీ) అనే పద్ధతిలో అడిగే ఖాతాకు ఆ స్క్రిప్టుల అవసరం లేదు.

రూట్‌గా కాక మీ మామూలు పేరుతో కేపీపీపీ వాడాలంటే, రెడ్ హ్యాట్ 9లో మీ పేరును యూయూసీపీ గుంపులో చేర్చండి. డెబియన్‌లో ఆ గుంపు పేరు డయలౌట్.

ప్రశ్న: షావుకారుపేటలో మా దుకాణానికి చిన్న ఎక్స్‌చేంజ్ పెట్టె ఉంది. బయటి నంబరు కావాలంటే ముందు సున్నా నొక్కాలి. లినక్స్‌లో డయల్ చేస్తే నో డయల్ టోన్ అని వచ్చి ఆగిపోతోంది. చేతితో ఫోనెత్తి వింటే టోన్ వస్తూనే ఉంది.
— ఒక వ్యాపారి, షావుకారుపేట

జవాబు: మీ చెవికి వినిపించే టోన్ మీ పెట్టె ఇచ్చే టోన్, టెలిఫోన్ ఎక్స్‌చేంజ్ ఇచ్చేది కాదు. ఈ చిన్న పెట్టెలలో కొన్ని ఆగి ఆగి వచ్చే టోన్ ఇస్తాయి, మోడెమ్ దాన్ని టోన్‌గా గుర్తించదు. పైన చెప్పిన డబ్ల్యూవీడయల్ ఫైలులో ఇనిట్2 (మోడెమ్‌కు ఇచ్చే ఆరంభపు ఆజ్ఞ) అన్న వరుస చివర ఎక్స్3 అని చేర్చండి. టోన్ కోసం చూడకుండా నంబరు తిప్పమని దాని అర్థం. అవతల లైను ఖాళీ లేకపోతే ఆ సంగతి మాత్రం చెబుతుంది. ఫోను నంబరుకు ముందు సున్నా, దాని తరవాత ఒక కామా పెట్టండి. ఒక కామాకు మోడెమ్ మామూలుగా రెండు సెకన్లు ఆగుతుంది. బయటి లైను దొరకడానికి అంతకంటే ఎక్కువ సేపు పడితే రెండు కామాలు పెట్టండి. మీ పెట్టె పాతదై అంకెల చప్పుళ్ళను కాక టకటకలను మాత్రమే అర్థం చేసుకునేదైతే, ఏటీడీటీ అని ఉన్న చోట ఏటీడీపీ అని మార్చాలి.

వీలైతే ఇవన్నీ మాని, ఎక్స్‌చేంజ్ పెట్టెకు రాకముందే ఒక లైనును నేరుగా మోడెమ్‌కు తెచ్చుకోవడం మేలు. పెట్టె మధ్యలో ఉన్నకొద్దీ వేగం తగ్గుతుంది.

ప్రశ్న: మా ఇంట్లో రెండు కంప్యూటర్లున్నాయి, రెండిటినీ ఈథర్‌నెట్ తీగతో కలిపాము. మోడెమ్ నా దానికి ఉంది. ఫోను కలుస్తుంది, ఐపీ అడ్రసు కూడా వస్తుంది, కాని బ్రౌజర్‌లో ఏ పేజీ తెరుచుకోదు. ఒక్కోసారి పీపీపీడీ 11 అనే అంకె చూపి ఆగిపోతోంది. తీగ తీసేసి మళ్ళీ బూట్ చేస్తే అన్నీ పనిచేస్తున్నాయి. మా తమ్ముడి కంప్యూటర్‌కు కూడా ఇదే లైను మీద ఇంటర్నెట్ ఇవ్వవచ్చా?
— ఇంజనీరింగ్ విద్యార్థి, తాంబరం

జవాబు: తీగ తీసేస్తే పనిచేస్తోందన్న మాటను మీరు రాయకపోతే ఈ సమాధానం రెండు పేజీలు అయ్యేది. దోషం మోడెమ్‌ది కాదు, దారిది.

తనకు తెలియని చోటుకు పంపవలసిన ప్రతి సమాచారాన్నీ లినక్స్ డిఫాల్ట్ రూట్ అనే ఒకే వాకిలి గుండా పంపుతుంది (ఈ జవాబులో రూట్ అంటే దారి, ఆర్ ఓ యూ టీ ఈ; లాగిన్ పేరైన రూట్ కాదు). మీరు రెండు కంప్యూటర్లను కలిపిన రోజున గేట్‌వే అన్న గడిలో తమ్ముడి కంప్యూటర్ అడ్రసు నింపి ఉంటారు. ఇప్పుడు ఫోను కలిశాక పీపీపీడీ తన వాకిలి పెట్టబోతే, ఈథర్‌నెట్ వైపు ఒకటి ఇప్పటికే ఉంది కనుక దాన్ని కదపకుండా వదిలేస్తుంది. మీ పేజీల విన్నపాలన్నీ తమ్ముడి కంప్యూటర్ దగ్గరకు వెళ్ళి అక్కడే ఆగిపోతున్నాయి. రూట్ హైఫన్ ఎన్ అని కొట్టి చూడండి, 0.0.0.0 తో మొదలయ్యే వరుస చివర పీపీపీ0 ఉండవలసిన చోట ఈటీహెచ్0 ఉంటుంది. అప్పటికప్పుడు సరిచేయాలంటే, డయల్ చేసే ముందు రూట్ డెల్ డిఫాల్ట్ అని కొట్టండి. శాశ్వతంగా పోవాలంటే ఈటీసీ లోపల సిస్‌కాన్ఫిగ్ డైరెక్టరీలో నెట్‌వర్క్ అనే ఫైలులోనూ, అదే సిస్‌కాన్ఫిగ్ కింద ఉన్న నెట్‌వర్క్ స్క్రిప్టుల డైరెక్టరీలోని ఈటీహెచ్0 ఫైలులోనూ గేట్‌వే అన్న వరుసను వెతికి తీసేయండి. పక్కపక్కన ఉన్న రెండు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి గేట్‌వే అవసరం లేదు.

11 అన్న అంకె మూలం కూడా ఇదే. కంప్యూటర్‌కు అప్పటికే డిఫాల్ట్ రూట్ ఉంటే, పీపీపీడీ తనను తాను ఒక నెట్‌వర్క్‌కు కాపలాదారుగా భావించుకుని, అవతలివారే తామెవరో రుజువు చేసుకోవాలని పట్టుబడుతుంది. ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ మీకు రుజువు చూపించదు కదా, అందుకని మాట తెగిపోతుంది. ఈటీసీ లోని పీపీపీ డైరెక్టరీలో ఆప్షన్స్ అన్న ఫైలులో నోఆథ్ అని ఒక వరుస పెడితే ఆ పట్టుదల పోతుంది. ఈ అంకెల అర్థాలను పీపీపీడీ మాన్యువల్ పేజీ చివర ఇచ్చారు, ఒకసారి చదవడం మంచిది. పోర్టుకు తాళం వేయలేకపోతే 6 వస్తుంది. వేరే ప్రోగ్రామ్ మోడెమ్‌ను పట్టుకుని ఉంటే ఇది చూస్తాము. 8 అంటే నంబరు తిప్పే దశలోనే ఆగిందని. 10 అంటే అవతలితో పీపీపీ ఒప్పందం కుదరలేదని, 16 అంటే మోడెమ్ ఫోను పెట్టేసిందని అర్థం. 19 వస్తే మీ పేరో పాస్‌వర్డో తప్పు; నాకు తెలిసినంతలో ఎక్కువసార్లు క్యాప్స్ లాక్ వెలుగుతూ ఉంటుంది.

వాకిలి సరిచేశాక కూడా పేజీ తెరుచుకోకపోతే మూడు అడుగులలో చూడండి. ఫోను కలిశాక పీపీపీడీ చూపించే రిమోట్ అడ్రసుకు పింగ్ చేయండి, అంటే పింగ్ అనే ఆదేశంతో అది పలుకుతుందో లేదో చూడండి. అది పలికితే లైను బాగుంది. తరవాత మీకు ఇంటర్నెట్ ఇచ్చే సంస్థ నేమ్ సర్వర్ (పేర్లను అంకెల అడ్రసులుగా మార్చే కంప్యూటర్) అంకెకు పింగ్ చేయండి. పలికితే వాకిలి బాగుంది. తరవాత ఏదైనా ఒక పేరుకు చేయండి. అంకెలు పలికి పేరు పలకకపోతే, ఈటీసీలోని రిజాల్వ్ డాట్ కాన్ఫ్ ఫైలులో నేమ్ సర్వర్ వరుస లేదని అర్థం. సంస్థ ఇచ్చిన అంకెను అక్కడ రాయవచ్చు, లేదా పీపీపీ ఆప్షన్స్‌లో యూజ్‌పీర్‌డీఎన్ఎస్ అని పెడితే ఫోను కలిసినప్పుడల్లా అవతలి నుంచే అడిగి తెలుసుకుంటుంది.

ఇక తమ్ముడి సంగతి. ఇవ్వవచ్చు. మీ కంప్యూటర్‌లో, ప్రాక్ కింద సిస్, దాని కింద నెట్, ఐపీవీ4, ఆ లోపల ఐపీ ఫార్వర్డ్ (రెండు మాటల నడుమ అండర్‌స్కోర్) అన్న ఫైలులో 1 అని రాయాలి. తరవాత రాకపోకల నియమాలు పెట్టే ఐపీటేబుల్స్ ప్రోగ్రామ్‌లో నాట్ పట్టికలో, పోస్ట్‌రూటింగ్ గొలుసుకు, పీపీపీ0 గుండా బయటికి పోయేవాటినన్నిటినీ మాస్కరేడ్ చేయమని, అంటే మీ కంప్యూటర్ అడ్రసుతోనే పంపమని, ఒక నియమం చేర్చాలి. గొలుసు పేరూ మాస్కరేడ్ అన్న మాటా పెద్ద అక్షరాలలో ఉండాలి. ఇప్పుడు గేట్‌వే కావలసింది తమ్ముడి కంప్యూటర్‌కు, అందులో మీ అడ్రసు ఇవ్వాలి; మీ నేమ్ సర్వర్ అంకెలూ అక్కడ రాయాలి. మీరు మొదట చేసినది సరిగ్గా దీనికి తలకిందులు. 56కే లైనును ఇద్దరు పంచుకుంటే ఎవరికీ తృప్తి ఉండదని మాత్రం ముందే చెబుతున్నాను.

ప్రశ్న: మా మోడెమ్ లినక్స్‌లో బాగానే పనిచేసేది. వానలు మొదలైనప్పటి నుంచి పది నిమిషాలకొకసారి తెగిపోతోంది. కనెక్ట్ 115200 అనే చూపిస్తోంది కాబట్టి వేగం తగ్గలేదని తెలుస్తోంది. లినక్స్‌లో ఏం మార్చాలి?
— ఉపాధ్యాయురాలు, వేళచ్చేరి

జవాబు: లినక్స్‌లో మార్చవలసింది తక్కువ, గోడ మీద చూడవలసింది ఎక్కువ.

115200 అన్నది మీ ఫోను లైను వేగం కాదు. అది కంప్యూటర్‌కూ మోడెమ్‌కూ మధ్య ఉన్న జానెడు తీగలో వేగం, అది వానకు మారదు. మోడెమ్ సమాచారాన్ని కుదించి తెచ్చి ఇటువైపు విప్పుతుంది కనుక ఆ తీగను లైనుకంటే వేగంగా పెడతారు. చాలా మోడెమ్‌లలో ఆరంభపు ఆజ్ఞ చివర డబ్ల్యూ2 అని చేర్చితే అసలు లైను వేగం కనిపిస్తుంది. 1998లో వచ్చిన వీ.90 పద్ధతిలో 56కే అన్నది దిగుమతికి గరిష్ఠ పరిమితి మాత్రమే, ఎగుమతి 33.6ను మించదు. మంచి లైను మీద కూడా నలభైలలోనే కలవడం మామూలు. మీకు ఇప్పుడు ఇరవైలలో కనిపిస్తే ఆశ్చర్యపోను.

మోడెమ్ తీగ తీసి, మామూలు ఫోను పెట్టి, ఒక అంకె నొక్కి టోన్ ఆగాక నిశ్శబ్దంగా వినండి. గరగరమంటే లైనులో తేమ చేరింది. ముందు గోడ మీద ఫోను తీగ తగిలించే మీ రోజెట్ పెట్టె తెరిచి, స్క్రూల దగ్గర తీగలకు పచ్చగా చిలుము పట్టిందేమో చూసి, గీకి బిగించండి. వంటింట్లోకీ పడకగదిలోకీ లాగిన సమాంతర ఫోన్లను ఒక్కొక్కటే పీకి మళ్ళీ వినండి. అతుకులు వేసిన ఆ తీగలే చాలా ఇళ్ళలో అసలు దొంగలు. ఇంట్లో అన్నీ తీసేసినా గరగర పోకపోతే, తప్పు వీధిలో ఇళ్ళకు ఫోను తీగలు పంచే డీపీ పెట్టెలోనో అంతకు అవతలో ఉంది, ఫిర్యాదు చేయాలి. చేసేటప్పుడు ఇంటర్నెట్ రావడం లేదని చెప్పకండి, మాట సరిగా వినబడటం లేదని చెప్పండి. ఇంటర్నెట్ అంటే లైన్‌మ్యాన్ మీ కంప్యూటర్ వైపు చూపిస్తాడు, మాట వినబడదంటే లైను వైపు చూస్తాడు.

లైను బాగుపడేలోగా రెండు పనులు చేయవచ్చు. ఆరంభపు ఆజ్ఞకు ఎస్10=50 అని చేర్చితే, అవతలి ధ్వని అయిదు సెకన్లపాటు మాయమైనా మోడెమ్ ఓపిక పడుతుంది; అంకె పదో వంతు సెకన్లలో లెక్క. రెండోది, మోడెమ్‌ను వీ.34కు, అంటే 33.6కు, పరిమితం చేయడం. దీనికి కొత్త మోడెమ్‌లలో ప్లస్ ఎంఎస్ సమానం వీ34 అని ఉంటుంది, పాతవాటిలో అంకెలుంటాయి. మీ మోడెమ్‌తో వచ్చిన చిన్న పుస్తకంలో చూడండి. వేగంగా కలిసి తెగిపోయేదానికంటే నెమ్మదిగా కలిసి నిలిచేది మేలు. మీకు కాల్ వెయిటింగ్ సౌకర్యం ఉంటే దాన్ని తీయించండి, ఆ బీప్ ఒక్కటి చాలు లైను తెగడానికి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన ఊళ్ళో ఉరుములతో వానలు పడేటప్పుడు కరెంటు ప్లగ్గు పీకడం అందరికీ గుర్తుంటుంది, ఫోను తీగ పీకడం ఎవరికీ గుర్తుండదు. పిడుగు మోడెమ్‌ను చంపేది ఎక్కువగా ఆ దారినే. నా మొదటి మోడెమ్ అలాగే పోయింది.

ప్రశ్న: రాత్రి పదకొండు దాటాక లైను ఖాళీగా ఉంటుందని అప్పుడు కూర్చుంటాను. మోడెమ్ కీచుమనే చప్పుడుకు ఇంట్లో పసివాడు లేస్తున్నాడు. లినక్స్‌లో ఈ చప్పుడు ఆపవచ్చా?
— ఒక పాఠకుడు, కోడంబాక్కం

జవాబు: ఆపవచ్చు. ఇనిట్2 వరుస చివర ఎమ్0 అని చేర్చండి, పూర్తిగా మూగబోతుంది. చప్పుడు తగ్గితే చాలనుకుంటే ఎమ్1ఎల్1 అని పెట్టండి, కలిసేదాకా సన్నగా పలికి ఆగుతుంది. అయితే మీ కనెక్షన్ రోజూ తడబడకుండా కలుస్తున్నప్పుడే ఎమ్0 పెట్టండి. మొదట డయల్ టోన్, తరవాత అంకెలు, అవతల రింగు, 2100 హెర్ట్జ్‌ల పొడవాటి ఈల, చివర జల్లుకురిసినట్టు బుస: ఈ వరుసలో ఎక్కడ తెగిందో చెవితో వింటే సగం దోషం తెలిసిపోతుంది. ఈల వినిపించకుండా ఎవరో మనిషి ‘హలో, హలో’ అంటున్నారంటే మీరు ఇచ్చిన నంబరు తప్పు. మోడెమ్ మూగగా ఉంటే ఆ మనిషిని రాత్రి పదకొండు గంటలకు పదిసార్లు నిద్ర లేపిన సంగతి మీకు తెలియనే తెలియదు.